యజమాని తాళంచెవి

2025 జూలై చివరి వారంలో ఢిల్లీ హైకోర్టు ముందుకు ఒక విచిత్రమైన వ్యాజ్యం వచ్చింది. గుజరాత్‌లోని వాడినార్‌లో ఏటా 2 కోట్ల టన్నుల ముడిచమురును శుద్ధి చేయగల నయారా ఎనర్జీ, మైక్రోసాఫ్ట్ తమకు సేవలు నిలిపివేసిందని న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. లైసెన్సులకు చెల్లించవలసిన సొమ్ము మొత్తం చెల్లించామని ఆ సంస్థ వాదన. భారతదేశపు చట్టాన్ని దేన్నీ ఉల్లంఘించినట్లు ఆరోపణ లేదు. రష్యాకు చెందిన రాస్‌నెఫ్ట్‌కు అందులో దాదాపు సగం వాటా ఉన్నందువల్ల, జూలై 18న ఐరోపా యూనియన్ ప్రకటించిన ఆంక్షల జాబితాలో దాని పేరు చేరింది. బ్రసెల్స్‌లో తీసుకున్న ఒక నిర్ణయంతో, భారత గడ్డపై భారత చట్టాల కింద పనిచేస్తున్న ఒక సంస్థ ఉద్యోగుల ఉత్తర ప్రత్యుత్తరాలు స్తంభించిపోయాయి.

కొద్ది రోజుల్లోనే సేవలు తిరిగి మొదలయ్యాయి. వివాదం అంతటితో సద్దుమణిగింది. రాజధానిలో దాన్ని పట్టించుకునే తీరిక కూడా అప్పుడు ఎవరికీ లేదు. ఉపరాష్ట్రపతి ధన్‌ఖడ్ హఠాత్తుగా రాజీనామా చేసిన రోజులవి. ఆ వెంటనే పార్లమెంట్‌లో ఆపరేషన్ సిందూర్‌పై చర్చ వాడివేడిగా సాగింది. అయినా అధికార వర్గాల్లో ఎక్కడో కలవరం మొదలయ్యే ఉంటుంది. సెప్టెంబర్‌లో కేంద్ర ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ తాను జోహోకు మారుతున్నట్లు ప్రకటించారు. ఆ తర్వాత స్వదేశీ సాఫ్ట్‌వేర్ అనే మాట ఢిల్లీ రాజకీయ నిఘంటువులో స్థిరపడింది.

ఆ మాటకు అర్థమేమిటో మాత్రం ఎవరూ విడమరచి చెప్పలేదు. విదేశీ కంపెనీ స్థానంలో దేశీయ కంపెనీ రావడమే స్వదేశీ అయితే, మారింది యజమాని మాత్రమే. తాళంచెవి అప్పుడూ ఇప్పుడూ వాడుకరి చేతిలో లేదు. తాళంచెవి చేతికి రావడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే మంత్రుల ప్రకటనలకంటే, పాత లాప్‌టాప్ ముందు కూర్చుని లినక్స్ కెర్నల్‌ను మూలం నుంచి కంపైల్ చేసే ఒక విద్యార్థి చేసే పనిని గమనించడం మంచిది. ఆ పనిలో సార్వభౌమాధికారం గురించి నేర్చుకోదగ్గది చాలా ఉంది.

కెర్నల్ అంటే గింజలోపలి పప్పు. కంప్యూటర్‌లో తెరమీద కనిపించే హంగులన్నీ పైపొట్టు. జ్ఞాపకశక్తిని పంచేదీ, డిస్క్‌నూ నెట్‌వర్క్‌నూ నడిపించేదీ, ఏ ప్రోగ్రామ్‌కు దేన్ని ముట్టుకునే అధికారం ఉందో నిర్ణయించేదీ లోపలి పప్పే. 1991 ఆగస్టులో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల ఫిన్లాండ్ విద్యార్థి తాను సరదాకు ఇలాంటిదొకటి రాస్తున్నానని ప్రకటించినప్పుడు అది సుమారు 10 వేల పంక్తుల ప్రోగ్రామ్. ఇప్పుడు దాదాపు 4 కోట్ల పంక్తులు. మరుసటి ఏడాది దానికి జీపీఎల్ అనే లైసెన్సు వర్తింపజేశారు. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. పంచినప్పుడు మూలాన్ని కూడా ఇవ్వాలి.

ఈ ఔదార్యం విలువ లోధీ రోడ్డు చరిత్ర తెలిసినవారికి బాగా అర్థమవుతుంది. 1980వ దశకం ద్వితీయార్ధంలో భారత్ అమెరికా నుంచి క్రే సూపర్ కంప్యూటర్లు కొనాలనుకుంది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు కోరిన యంత్రాన్ని అమెరికా ఇవ్వలేదు. ఢిల్లీలో వాతావరణ అంచనాల కోసం తక్కువ స్థాయి యంత్రాన్ని ఒకదాన్ని మాత్రం కఠిన నిబంధనలతో అనుమతించింది. ఆ అవమానం నుంచే 1988లో సీ-డాక్, 1991లో పరమ్ 8000 పుట్టాయి. ఇప్పుడు నోయిడాలోని జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రంలో 2024 సెప్టెంబర్‌లో ప్రారంభమైన ‘అరుణిక’ పనిచేస్తోంది. యంత్రాన్ని సరఫరా చేసింది విదేశీ సంస్థే. కానీ దానిలో నడిచేది లినక్స్. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని అగ్రశ్రేణి 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. దాని కోసం ఏ దేశమూ ఏ దేశాన్నీ అనుమతి అడగనక్కరలేదు.

ఇప్పుడు విద్యార్థి దగ్గరకు వద్దాం. ఐఐటీ గోడ పక్కన జియా సరాయ్‌లో, గాలీ వెలుతురూ అంతంతమాత్రంగా ఉండే గదిలో గేట్ పరీక్షకు చదువుకునే ఒక తెలుగు కుర్రవాడు అనుకుందాం. నెహ్రూ ప్లేస్‌లో కొన్న పాత థింక్‌ప్యాడ్, అందులో ఉబుంటు. సిలబస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ అనే పాఠం ఎలాగూ ఉంది. ఆ పాఠాన్ని యంత్రం మీదే చూడాలన్న కోరిక కలిగిన ఏ విద్యార్థి అయినా సాగించే ప్రయాణం దాదాపు ఇలాగే ఉంటుంది.

ముందుగా కెర్నల్ డాట్ ఆర్గ్ నుంచి మూలాన్ని దించుకోవాలి. సుమారు 150 మెగాబైట్ల మూట. ఢిల్లీ ఇంటర్నెట్‌కు అది నిమిషాల పని. మూట విప్పడానికి ముందే చేయవలసిన పని ఒకటుంది, సంతకం సరిచూడడం. కెర్నల్ నిర్వాహకులు పెట్టిన డిజిటల్ సంతకంతో మూట సరిపోలిందా, దారిలో ఎవరైనా విప్పి కట్టారా అన్నది తేలుతుంది. చాలామంది దీన్ని వదిలేస్తారు. ఇది కూడా వదిలేసేవాడికి అసలు కంపైల్ చేసుకోవడం ఎందుకన్నది వేరే ప్రశ్న.

ఆ తర్వాత కాన్ఫిగరేషన్. ‘మేక్ మెనూకాన్ఫిగ్’ అని కొట్టగానే నీలిరంగు తెరమీద జాబితాల లోపల జాబితాలు విచ్చుకుంటాయి. వేల ప్రశ్నలు. ప్రతిదానికీ అవును, కాదు, లేదా అవసరమైనప్పుడు ఎక్కించుకునే మాడ్యూల్‌గా ఉంచు అని మూడు రకాల జవాబులు. ఈ యంత్రంలో ఎప్పటికీ పెట్టని టీవీ ట్యూనర్ కార్డుల గురించీ, ఎవరూ చూడని పాత నెట్‌వర్క్ పద్ధతుల గురించీ కూడా అడుగుతుంది. అన్నిటికీ జవాబు చెప్పేవారు లేరు. నడుస్తున్న ఉబుంటు కెర్నల్ కాన్ఫిగరేషన్‌ను ‘బూట్’ డైరెక్టరీ నుంచి నకలు చేసుకుని, కొత్తగా వచ్చిన ప్రశ్నలకు ‘మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్’తో యథాతథ జవాబులు నింపడం లోకాచారం. ‘మేక్ లోకల్‌మోడ్‌కాన్ఫిగ్’ అనే ఇంకొకటి ఉంది. ప్రస్తుతం యంత్రంలో నిజంగా వాడుకలో ఉన్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచి మిగతావాటిని కొట్టేస్తుంది. మూడు గంటల పనిని అరగంటకు కుదిస్తుంది. అయితే ఆ సమయంలో ప్రింటర్ తగిలించి ఉండకపోతే, కొత్త కెర్నల్‌కు ప్రింటర్ అనేదొకటి ఉందని తెలియదు. ఎన్నికల జాబితా సవరణ రోజు ఇంట్లో లేనివారి పరిస్థితి వంటిదే.

‘మేక్’ అని కొట్టాక మొదట ఎదురయ్యే ఆటంకం ఆసక్తికరమైనది. కాసేపటికి కంపైలేషన్ ఆగిపోతుంది. ‘కెనానికల్ సర్ట్స్’ అనే ఫైలు దొరకలేదని సందేశం వస్తుంది. కారణమేమంటే, నకలు చేసుకున్న కాన్ఫిగరేషన్‌లో ఉబుంటును తయారుచేసే కెనానికల్ సంస్థ ధ్రువపత్రాలను విశ్వసించమనే ఆదేశం ఉంది. మూలంలో ఆ ధ్రువపత్రాలు లేవు, ఉండవు. ఆ పంక్తిని వెతికి పట్టుకుని ఖాళీ చేయాలి. అంతవరకూ కుర్రవాడు తన కెర్నల్‌ను తయారుచేసుకుంటున్నాననే అనుకుంటాడు. లోపల మరొకరి విశ్వాస పత్రం ఉందని ఆ దోష సందేశం చెబితే తప్ప తెలియదు. స్వతంత్రం వచ్చాక కూడా పాత చట్టాలనే నకలు చేసుకుని నడిపిన దేశానికి ఈ అనుభవం కొత్తది కాదు.

అది సరిచేశాక పని సాగుతుంది. సీసీ, ఎల్‌డీ, ఏఆర్ అనే అక్షరాలతో మొదలయ్యే పంక్తులు తెరమీద పైకి పాకుతూ పోతాయి. లాప్‌టాప్ ఫ్యాన్ కూలర్ చప్పుడుతో పోటీపడుతుంది. జూన్ రాత్రయితే యంత్రం వేడికీ గది వేడికీ తేడా తెలియదు. బ్యాటరీ పాతదై, మధ్యలో కరెంటు పోయినా పెద్ద నష్టం లేదు. మళ్లీ అదే ఆదేశం ఇస్తే ‘మేక్’ ఆగినచోటి నుంచి అందుకుంటుంది. డిస్క్‌లో చోటు చాలకపోతే మాత్రం అంతా తడిసి మోపెడవుతుంది. డీబగ్ సమాచారంతో సహా నిర్మిస్తే 20 గిగాబైట్లకు పైగా అడుగుతుంది. చివరకు, ‘బీజెడ్‌ఇమేజ్ సిద్ధం’ అన్న అర్థంలో ఒక పంక్తి వస్తుంది. ‘మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్’, ‘మేక్ ఇన్‌స్టాల్’ అనే రెండు ఆదేశాలతో మాడ్యూళ్లు తమ చోటికి, కెర్నల్ తన చోటికి చేరతాయి. గ్రబ్ జాబితాలో కొత్త పేరు కనిపిస్తుంది. పాత కెర్నల్ కూడా అక్కడే ఉంటుంది. కొత్తది మొరాయిస్తే పాతదానితో బయటపడవచ్చు. అధికార మార్పిడికి ఇంతకంటే సభ్యమైన పద్ధతి రాజకీయాల్లో కూడా అరుదు.

మళ్లీ బూట్ చేస్తాడు. సెక్యూర్ బూట్ అమలులో ఉన్న యంత్రమైతే కొత్త కెర్నల్ లేవదు. సంతకం చెల్లదంటుంది.

అసలు కథ ఇక్కడ ఉంది. ఈ కాలపు కంప్యూటర్ల ఫర్మ్‌వేర్‌లో, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపవచ్చో నిర్ణయించే తాళంచెవులు ఫ్యాక్టరీలోనే అమర్చి వస్తాయి. వాటిలో సర్వసాధారణంగా ఉండేవి మైక్రోసాఫ్ట్‌వి. లినక్స్ పంపిణీలు కూడా ‘షిమ్’ అనే చిన్న ప్రోగ్రామ్ మీద మైక్రోసాఫ్ట్ సంతకం పెట్టించుకుని, ఆ సంతకం అండతో లేస్తాయి. ఆ సంతకాలకు ఆధారమైన 2011 నాటి ధ్రువపత్రం గడువు 2026 జూన్ వరకే. దాని స్థానంలోకి 2023 నాటిది వస్తుంది. అంటే, స్వదేశీ అని పేరు పెట్టుకున్న లినక్స్ కూడా, సెక్యూర్ బూట్ ఉన్న మామూలు యంత్రంలో తలుపు తీయడానికి రెడ్మండ్‌లోని కంపెనీ సంతకాన్నే చూపిస్తూ ఉండవచ్చు.

దీనికి విరుగుడు ఉంది. కుర్రవాడు సొంతంగా ఒక తాళంచెవిని సృష్టించుకోవచ్చు. దాన్ని ‘మోక్’ అంటారు. ‘యంత్ర యజమాని తాళంచెవి’ అన్న ఆంగ్ల మాటకు అది పొడి అక్షరాల రూపం. ఆ తాళంచెవితో తన కెర్నల్ మీద సంతకం చేసి, దాన్ని యంత్రంలో నమోదు చేయమని కోరాలి. మళ్లీ బూట్ చేసినప్పుడు ఒక నీలి తెర వచ్చి, ముందుగా పెట్టుకున్న సంకేతపదం అడుగుతుంది. దాన్ని కీబోర్డు దగ్గర కూర్చున్న మనిషే కొట్టాలి. దూరం నుంచి ఎవరూ చేయలేరు. ఆ తర్వాత యంత్రం ఆ సంతకాన్ని మన్నిస్తుంది. కొత్త కెర్నల్ లేచాక దాని పరిచయ పంక్తిలో ఒక విశేషం కనిపిస్తుంది. ఉబుంటు ఇచ్చిన కెర్నల్ అయితే అక్కడ ‘బిల్డ్‌డీ’ అనీ, కెనానికల్ వారి ఏదో యంత్రం పేరూ ఉండేవి. ఇప్పుడు అక్కడ కుర్రవాడి పేరు, ఆ లాప్‌టాప్‌కు అతడు పెట్టుకున్న పేరు, ‘#1’ అని మొదటి నిర్మాణపు అంకె.

అంతమాత్రాన అన్నీ అతడి అదుపులోకి వచ్చినట్లు కాదు. కంపైలరే మోసగిస్తే మూలం చదివి లాభం లేదని కెన్ థాంప్సన్ 1984లోనే హెచ్చరించారు. 2024 మార్చిలో ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న ఉపకరణంలో ఎవరో ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. దాన్ని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయండ్‌కు దొరికిన ఆధారం, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పట్టడం. కుర్రవాడికి దక్కింది పూర్తి అధికారం కాదు. ఎవరిని నమ్ముతున్నాడో తెలిసి నమ్మడం. ఈ మాత్రం ఎరుక ప్రభుత్వ కార్యాలయాల్లోని యంత్రాల విషయంలో ఎవరికి ఉంది?

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. రాష్ట్రపతిగా అబ్దుల్ కలాం 2003 మేలో పుణెలో మాట్లాడుతూ, రాష్ట్రపతి భవన్‌లో బిల్ గేట్స్‌తో జరిగిన తన సంభాషణను ప్రస్తావించి, భారత్‌కు ఓపెన్ సోర్స్ అవసరమని స్పష్టంగా చెప్పారు. సీ-డాక్ చెన్నై కేంద్రం డెబియన్ ఆధారంగా ‘బాస్’ లినక్స్‌ను రూపొందించింది. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ కార్యకర్తలు తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారుచేశారు. 2015లో కేంద్రం ప్రకటించిన విధానం ప్రకారం, ప్రభుత్వ టెండర్లలో ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యం ఇవ్వాలి. కాదంటే కారణం చెప్పాలి. 2023 ఆగస్టులో రక్షణ మంత్రిత్వ శాఖ, ఇంటర్నెట్‌కు అనుసంధానమైన తన కంప్యూటర్లలో విండోస్ స్థానంలో ‘మాయ’ను ప్రవేశపెట్టాలని నిర్ణయించినట్లు వార్తలు వచ్చాయి. డీఆర్‌డీవో, సీ-డాక్, ఎన్‌ఐసీ కలిసి ఉబుంటు ఆధారంగా రూపొందించిన వ్యవస్థ అది. దాని పేరు విని నవ్వినవారు ఉన్నారు, ఉబుంటు మీద నిర్మించారని పెదవి విరిచినవారూ ఉన్నారు. రెండో ఆక్షేపణ అర్థరహితం. ఉబుంటు సైతం డెబియన్ మీద నిర్మించినదే. పునాది అందరిదీ అయినప్పుడు దానిమీద ఇల్లు కట్టుకోవడంలో తప్పులేదు.

ఇల్లు కట్టాక అందులో కాపురముండేది ఎవరన్నదే ప్రశ్న. కెర్నల్‌లో ప్రతి తొమ్మిది పది వారాలకు కొత్త వెర్షన్ వస్తుంది. భద్రతా లోపాలను నమోదు చేసే అధికారం 2024 ఫిబ్రవరిలో కెర్నల్ బృందానికే దక్కిన తర్వాత, వారానికి పదుల సంఖ్యలో లోపాలు ప్రకటితమవుతున్నాయి. వాటిలో తమ యంత్రాలకు వర్తించేవేవో చదివి తేల్చుకుని, దిద్దుబాట్లు చేర్చి, మళ్లీ కంపైల్ చేసి, సంతకం పెట్టి, వేల బల్లలమీదకు చేర్చాలి. జియా సరాయ్ కుర్రవాడు ఒక రాత్రిలో చేసిన పనే ఇది. దాన్ని ప్రతి వారం, ఎవరూ చప్పట్లు కొట్టకుండా, ఏళ్ల తరబడి చేయాలి. ఢిల్లీకి రిబ్బన్ కత్తిరించడం తెలిసినంతగా ఈ పని తెలియదు. ఎల్-1 టెండర్ పత్రంలో నిర్వహణ అనేది చివరి పేజీలోని ఒక పేరా.

లోపాలు దిద్దడం కంటే పైమెట్టు మరొకటి ఉంది. 2024 అక్టోబర్‌లో కెర్నల్‌తో పాటే ఉండే ‘మెయింటెయినర్స్’ అనే పట్టిక నుంచి, రష్యాతో సంబంధమున్న పది మందికి పైగా నిర్వాహకుల పేర్లను తొలగించారు. చట్టపరమైన నిబంధనల పాటింపు అన్నది చెప్పిన కారణం. టోర్వాల్డ్స్ దాన్ని గట్టిగా సమర్థించారు. మూలాన్ని వారి నుంచి ఎవరూ లాక్కోలేదు, లాక్కోలేరు. జీపీఎల్ రష్యన్లకూ వర్తిస్తుంది. పోయింది బల్ల దగ్గర కుర్చీ మాత్రమే. మూలం స్వేచ్ఛ వేరు, నిర్ణయాల్లో భాగస్వామ్యం వేరు అని ఆ ఒక్క ప్యాచ్ ప్రపంచానికి తెలియజెప్పింది. చైనా దీన్ని ముందే గ్రహించినట్లుంది. అమెరికా ఆంక్షల జాబితాలో ఉండి కూడా, 2020 చివరలో విడుదలైన 5.10 వెర్షన్‌కు మార్పుల సంఖ్యలో అందరికంటే ఎక్కువ అందించిన సంస్థ హువావే.

ఆ బల్ల దగ్గర భారతీయులు లేరా అంటే ఉన్నారు, ఢిల్లీకి గంట దూరంలోనే ఉన్నారు. గ్రేటర్ నోయిడాలోని ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్ కేంద్రంలో ఇంజనీర్లు ‘స్పియర్’ అనే చిప్‌ల కుటుంబానికి లినక్స్‌లో చోటు కల్పించారు. 2010 నుంచి ఆ పేరుతో కెర్నల్ మూలంలో ఒక విభాగం ఉంది. జియా సరాయ్‌లో విప్పిన ఆ మూటలోనూ, వెతికితే, ఆ ఫైళ్లు దొరుకుతాయి. ఆ బృందంలో పనిచేసిన ఒకరు తర్వాత, ప్రాసెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి పెంచి తగ్గించే విభాగానికి నిర్వాహకుల్లో ఒకరయ్యారు. ఆ కుర్రవాడి లాప్‌టాప్ ఫ్యాన్ కాస్త నెమ్మదించిన క్షణంలో పనిచేసింది ఆ విభాగమే. హైదరాబాద్‌లోని క్వాల్‌కామ్, ఏఎండీ కార్యాలయాల నుంచి వెళ్లే మార్పుల్లో తెలుగువారి ఇంటిపేర్లు తరచూ కనిపిస్తాయి. వీరంతా విదేశీ సంస్థల జీతాల మీద, ఆ సంస్థల చిప్‌ల కోసం పనిచేస్తున్నవారు. ఇందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. నైపుణ్యం ఉంది; అది ఎవరి అవసరం కోసం పనిచేస్తోందన్నది మాత్రం చూడాలి. ప్రభుత్వ రంగ సంస్థల చిరునామాలతో కెర్నల్‌కు వెళ్లే మార్పులు ఆ ప్రవాహంలో కంటికి ఆనవు.

‘మెయింటెయినర్స్’ పట్టికలో ప్రతి విభాగానికీ ఎదురుగా ఒక మాట రాసి ఉంటుంది. జీతమిచ్చి చూసుకునేవారు ఉంటే ‘సపోర్టెడ్’. ఎవరో ఒకరు చూస్తూ ఉంటే ‘మెయింటెయిన్డ్’. తీరిక దొరికినప్పుడు చూసేవారు మాత్రమే ఉంటే ‘ఆడ్ ఫిక్సెస్’. ఎవరూ లేకపోతే ‘ఆర్ఫన్’, అనాథ. ఇంత నిజాయితీగా తన స్థితిని తానే రాసుకునే ప్రభుత్వ పత్రం ఢిల్లీలో దొరకడం కష్టం. ‘బాస్’కు, ‘మాయ’కు ఎదురుగా ఇందులో ఏ మాట రాయాలో తెలుసుకోవడానికి పెద్ద నివేదికలు అక్కరలేదు. పార్లమెంట్‌లో ఎవరైనా ఒక సభ్యుడు ఒక ప్రశ్న వేస్తే చాలు. కెర్నల్ దిద్దుబాట్లను ప్రతి వారం చదవడమే ఉద్యోగంగా ఎన్‌ఐసీ, సీ-డాక్‌లలో ఎంతమంది ఉన్నారు? ఒక దిద్దుబాటు వెలువడిన ఎన్ని రోజులకు అది మంత్రిత్వ శాఖల కంప్యూటర్లకు చేరుతోంది? ఆ యంత్రాల ఫర్మ్‌వేర్‌లో నమోదైన తాళంచెవులు ఎవరివి? మూడింటికీ కలిపి సమాధానం ఒక పేజీకి మించదు.